దవడ నరాల మీద బేరం

మనిషికి చెవి కింద, దవడ వెనక పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి ఒకటి ఉంటుందని పెళ్ళయ్యేదాకా నాకు తెలియదు. నాకు తెలియకపోయినా అది తన పని తాను చేసుకుంటూనే ఉంది. బజ్జీల బండి ముందు నిలబడితే నోరు ఊరుతూనే ఉంది. మా ఆవిడ వచ్చాక దానికి పేరొచ్చింది, చిరునామా వచ్చింది, దాని మధ్యలోంచి పోయే నరం ఒకటి వచ్చింది, ఆ నరం మూలంగా మా ఇంట్లో రభస వచ్చింది.

మాది శృంగవరపుకోటలో బట్టల కొట్టు. నేల మీద పరుపులు, పరుపుల మీద తెల్ల దుప్పటి, దుప్పటి మీద మేము, మా వెనక గోడ పొడుగునా చీరల అరలు. కొండ మీంచి సంతకి దిగేవాళ్ళూ, చుట్టుపక్కల ఊళ్ళలో శుభకార్యాలు పెట్టుకున్నవాళ్ళూ మా దగ్గరికి వస్తారు. మా కొట్లో ఏ చీరకీ రేటు చీటీ ఉండదు. రేటన్నది చీర మీద రాసి ఉండేది కాదనీ, కొనేవాళ్ళ మొహం చూసి చదువుకోవలసిందనీ మా నాన్న నమ్మకం. నేను పాకింది ఆ పరుపుల మీదే. మాటలు నేర్చింది ఆ బేరాల్లోనే. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు ఎక్కాలు తప్పు చెప్పినందుకు ఐదు గుంజీళ్ళు తియ్యమంటే మూడుకి ఖాయం చేసుకున్న ఘనత నాది.

మా ఆవిడది కోటబొమ్మాళి. వరసకి మరదలే. వాళ్ళదీ వ్యాపారమే, కాని మందుల కొట్టు. ఈ రెండు కొట్లూ పైకి చూస్తే ఒకే జాతి. లోపల కుక్కా పిల్లీ. మందుల కొట్లో అట్ట మీద రేటు అచ్చేసి ఉంటుంది. వచ్చినవాడు చీటీ ఇస్తాడు, మాత్రలు తీసుకుంటాడు, పోతాడు. జ్వరంతో వణికేవాడు "ఆఖరి మాట చెప్పండి" అని అడగడు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి మొదటి మాటే ఆఖరి మాట. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి వెంటనే సరే అంది. మా వాళ్ళకి అనుమానం వచ్చింది, ఇంత సులువుగా ఒప్పుకుందంటే ఎక్కడో ఏదో లోపం ఉండే ఉంటుందని. లోపం ఎవరిదన్నది ఇప్పటికీ తేలలేదు.

ఆమె పళ్ళ డాక్టరు. బీడీఎస్ అయ్యాక పొద్దుటిపూట విజయనగరంలో ఒక పెద్ద డాక్టరుగారి క్లినిక్కులో పనిచేసి, మధ్యాహ్నం బస్సుకి వచ్చేసేది. ఆమెకి కావలసింది ఎండీఎస్ అనే పై చదువు, అందులోనూ ఓరల్ సర్జరీ. అంటే యాక్సిడెంట్లలో విరిగిన దవడలు అతకడం, నోట్లో గడ్డలు తియ్యడం లాంటివి.

"పన్ను పీకడం ఎవులైనా పీకుతారు బావా. పగిలిపోయిన మొహాన్ని మళ్ళీ మొహం సెయ్యాల. అదీ పనంటే," అనేది.

ప్రవేశ పరీక్ష అప్పటికే రెండుసార్లు రాసింది, సర్జరీ సీటు మాత్రం అందలేదు. ఈసారి రాస్తానన్నప్పుడు మా నాన్న ఒక ఒప్పందం పట్టుకొచ్చాడు. మా కొట్టు పక్కన మాదే ఇంకో షట్టరు ఖాళీగా ఉంది. సీటొస్తే ఆమె చదువుకి వెళ్తుంది, ఎవరూ కిమ్మనకూడదు. రాకపోతే ఆ షట్టర్లో పళ్ళ కుర్చీ వేసి బోర్డు కడతారు; ఇక పరీక్ష అన్న మాట ఇంట్లో వినపడకూడదు. నాన్న ఈ మాట చెప్పి, ఇంకో రెండు మెట్లు దిగడానికి తయారై కూర్చున్నాడు. ఆమె అట్ట మీద రేటు చదివినట్టు విని, "సరే మావయ్యా" అంది.

నాన్న తర్వాత నన్ను పక్కకి పిలిచాడు. "ఒరే, ఆ పిల్ల నోరు తెరిచి అడిగుంటే ఇంకో ఏడాది ఇచ్చేద్దునురా."

"మరి నువ్వే ఇచ్చెయ్యకపోయావా?"

"అడక్కుండా ఎవులైనా ఇస్తారేట్రా, సన్నాసి!"

అలా ఆ పరీక్ష ఆమెకి ఆఖరిదైంది.

ఇంట్లో చదవడం కుదిరేది కాదు. మా అమ్మ మధ్యాహ్నం టీవీ పెడితే సీరియల్లో అత్తగారి ఏడుపు వీధి చివర దాకా వినిపిస్తుంది. అందుకని భోజనాలయ్యాక, కొట్లో గిరాకీ పల్చబడ్డ వేళ, పుస్తకాలు పట్టుకుని వచ్చి పరుపు మీద గోడ వార కూర్చునేది. ఒకరోజు, "చదివింది ఎవులైనా అడిగితే బాగుండును," అంది. ఊరికే కూర్చున్నవాణ్ణి కదా, ప్రశ్నల పుస్తకం లాక్కున్నాను. దాని బరువు మా పట్టుచీరల కట్టంత ఉంది. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అనే మెడ కండరం పేరుని నేను మొదటిసారి పైకి చదివినప్పుడు రోడ్డు మీద ఆటో ఆపుకున్నవాడు తిరిగి చూశాడు, నేనేదో తిట్టాననుకుని.

కొన్నాళ్ళకి నాకూ రుచి తగిలింది. నమిలే కండరాలు నాలుగుట. మూడు నోరు మూసేవి, ఒక్కటే తెరిచేది. "మా అమ్మకి దేవుడు తిరగేసి పెట్టినట్టున్నాడు," అన్నాను. మెడలో కండరాల్నీ గొట్టాల్నీ చుట్టి పొరలుంటాయట. ఒకటి మెడంతటికీ, ఒకటి గొంతు ముందు, ఒకటి వెన్నుపూస ముందు. కింది దవడలో కుళ్ళిన పంటి చీము ఆ పొరల సందులు పట్టుకుని మెడలోకి, అదును దొరికితే ఛాతీలోకి జారిపోతుందట. ఈ పొరలు ఆమెకి ఎప్పుడూ కలగాపులగమే. నేను మూడు రంగుల చీరలు తీసి, ఒకదాని మీద ఒకటి చుట్టి, మధ్యలో వేలు దూర్చి చూపించాను. ఆ తర్వాత ఆ పొరల దగ్గర ఆమె మళ్ళీ తడబడలేదు. ఆ చీరల మడతలు మాత్రం మళ్ళీ సరిగ్గా కుదరలేదు. నాన్న వాటిని పాత స్టాకులో కలిపేశాడు.

"పరీక్షలో కిటుకు ఏటో తెలుసా బావా? నాలుక కండరాలన్నిటికీ ఒకటే నరం. ఒక్కదానికి తప్ప. ఆళ్ళు అడిగేది ఆ ఒక్కదాన్నే."

"మన కొట్లో దీపావళి డిస్కౌంటులాగా. అన్ని చీరలకీ ఉంటాది, కొనేవోళ్ళకి నచ్చినదానికి తప్ప."

"అదే. ప్రశ్నలు రాసినోడు మీ నాన్నలాంటోడు."

అంతా బాగానే ఉంది. నా మొహం సంగతి మాత్రం నాకు తట్టలేదు.

మా ఇంట్లో పిల్లలకి అక్షరాల కంటే ముందు మొహం దిద్దిస్తారు. కొనేవాళ్ళు ఒక రేటు అనగానే తల ఊపకూడదు. నవ్వకూడదు. వాళ్ళన్నది మనం అనుకున్నదానికంటే ఎక్కువైతే అసలే కదలకూడదు. పెదవి ఒక మూలకి కొంచెం లాగి, కనుబొమ ఒకటి ఎత్తి, చూపుని సీలింగు ఫ్యానుకి అప్పగించి, ఊపిరి పీల్చుకునేంత సేపు ఊరుకోవాలి. "మనం ఏటీ అనక్కర్లేదురా. ఆ కాస్సేపు ఆళ్ళు ఓర్సుకోలేరు. ఆళ్ళే ఇంకో మాటంటారు," అని నాన్న చెప్పేవాడు. తరతరాలుగా మా ఇంట్లో ఇది ఇంటిపేరులా వస్తోంది. పెద్దయ్యాక ఇక అది మొహం పెట్టడంలా ఉండదు, రెప్ప వేసినట్టు దానంతట అదే పడిపోతుంది. మా బంధువుల్లో ఒకాయనకి గుండెజబ్బు అని డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆయన ఫ్యాను వైపే చూశాడట.

ఇక చూడండి, మా చదువు ఎలా సాగేదో.

"పెరోటిడ్ గ్రంథికి నీరు ఊరించే నరం ఏది?" అని నేను చదివి, కింద ఉన్న నాలుగు పేర్లూ వినిపించేవాణ్ణి.

"గ్లాసోఫారింజియల్," అనేది తడుముకోకుండా.

నేను ఊరుకునేవాణ్ణి.

"కాదేటి?"

"నేనేటీ అన్లేదు."

"ఫేషియల్ నరం దాన్లోంచే కదా ఎల్తాది... అక్కడే కొమ్మలేస్తాది..." నా వైపు ఒకసారి చూసేది. "అయితే ఫేషియల్. ఆఁ, ఫేషియలే. రాసుకో."

వెనక పేజీ తిప్పితే మొదట చెప్పిందే రైటు. నుదురు కొట్టుకునేది. "నాన్‌స్టాప్ బస్సు మనూరి మీంచే ఎల్తాది. అలాగని మనకోసం ఆగుతాదేటి? ఫేషియల్ నరమూ అంతే, గ్రంథి లోంచి పోతాది, దానికి ఏటీ ఇవ్వదు. నాకు తెలుసు బావా! తెలిసీ ఎందుకు మార్చేనో తెల్దు."

నాకూ తెలియదు. కంగారు పడుతోంది పాపం అనుకున్నాను. ధైర్యం చెప్పాను. ధైర్యం చెప్పేటప్పుడు కూడా ఆ మొహమే పెట్టి ఉంటాను.

ఆదివారాలు విజయనగరం వెళ్ళి నమూనా పరీక్షలు రాసి వచ్చేది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి అసలు పరీక్షలాగే పెడతారు. మొదట్లో మార్కులు బాగానే వచ్చేవి. చదువు పెరిగేకొద్దీ మార్కులు పెరగాలి కదా, అవి దిగడం మొదలెట్టాయి. ఎంత ఎక్కువ చదివితే అంత కిందికి. ఇంటికొచ్చాక, "తెలిసినవే తప్పెడతన్నాను బావా. సేత్తో సరైనది నొక్కుతాను. వెనక్కొచ్చి మళ్ళీ మార్సేస్తాను," అనేది.

మా అమ్మకి కారణం వెంటనే దొరికింది. "నలుగురూ వచ్చిపోయే కొట్లో కూకోబెట్టి సదివిత్తే దిష్టి తగల్దేటి?" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి అందరం దగ్గాం. మార్కులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఒకరోజు నాన్న బట్ట కొలిచే ఇనప బద్ద పట్టుకుని పక్క షట్టరు ఎత్తాడు. గోడ నుంచి గోడకి కొలుస్తున్న చప్పుడు మాకు వినిపిస్తోంది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి, నెమ్మదిగానే అడిగాడు.

"అమ్మా, ఆ కుర్చీ ఎడమేపు ఎయ్యాలా, కుడేపా?"

"నీళ్ళ పైపు ఎటుంటే అటు మావయ్యా," అంది.

ఆయన వెళ్ళాక లేచి వెళ్ళి అరల ముందు నిలబడింది, మాకు వీపు పెట్టి. ఒక నేతచీర అంచు తీసి మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. ఆ చీర అప్పటికే మడిచి ఉంది.

సంత రోజు తేలింది అసలు సంగతి.

ఆ వేళ ఒక పెద్దావిడ వచ్చింది. చెల్లెలి కూతురికి పెట్టడానికి చీర కావాలంది. గిరాకీ ఎక్కువగా ఉన్నా మా ఆవిడ తన మూల తను చదువుకుంటోంది. ఆ పెద్దావిడ ఒక ముదురాకుపచ్చ చీర పట్టుకుని వెనక్కీ ముందుకీ తిప్పి ఒక రేటు చెప్పింది. నిజం చెప్పొద్దూ, అది మేము అమ్మేద్దామనుకున్నదానికంటే ఎక్కువే. నా చూపు ఫ్యాను మీదికి పోయింది. ఆవిడ కొంచెం పెంచింది. ఫ్యాను ఇంకా తిరుగుతోంది. ఇంకాస్త పెంచింది. గల్లాపెట్టె దగ్గర నాన్న దగ్గాడు, చాల్లే అన్నట్టు. నా మొహం నా మాట వింటే కదా.

"ఏటి సావుకారూ," ఆవిడకి ఒళ్ళు మండింది. "నేను ఒక మాటన్నప్పుడల్లా పైకి సూస్తావు? పైనేటైనా ఏలాడతన్నాదేటి?"

కొట్లో ఉన్నవాళ్ళంతా పైకి చూశారు. మా ఆవిడ చూడలేదు. పుస్తకం ఒళ్ళో బోర్లించి నన్నే చూస్తోంది.

"బావా, ఓపాలి ఇటు తిరుగు."

"గిరాకీలో ఉన్నానే."

"ఇప్పుడు పెట్టావు సూడు, ఆ మొహం. మళ్ళీ పెట్టు."

"ఏ మొహం?"

"అదిగో! అదే!" లేచి దగ్గరికి వచ్చేసింది. పంటి డాక్టర్లు నోట్లోకి చూసినట్టు నా మొహం మీద వంగింది. "ఎడం కనుబొమ లేచింది. మూతి కుడేపు ఎల్లింది. కళ్ళు పైకి. గ్లాసోఫారింజియల్ అన్నప్పుడు ఇదే మొహం. నిన్న నాలుక ప్రశ్నకి ఇదే మొహం. ఓలమ్మో! నువ్వు నా జవాబులకి బేరమాడతన్నావు!"

"నేనా? నేనేటీ అన్లేదే!"

"అదే కదా మీ బేరం! ఏటీ అనకుండా కూకుంటే నేనే ఇంకో మాట సెప్పేత్తన్నాను. ఈ పిన్ని పెంచినట్టే!" ఆవిడ వైపు తిరిగింది. "పిన్నీ, నువ్వు మొదట ఎంత సెప్పావు?"

ఆవిడ చెప్పింది.

"దానికే పట్టుకెళ్ళిపో."

నాన్న గల్లాపెట్టె మూత పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆవిడ చీర వైపు చూసింది, మా ఆవిడ వైపు చూసింది. చీర పూర్తిగా విప్పింది. కొంగు ఎండకి పట్టి చూసింది. అంచు గోటితో గీకింది.

"అంత బేగి ఇచ్చేత్తన్నారంటే ఏటో ఉన్నాది. ఎక్కడైనా సినిగిందేటి?"

"లేదు పిన్నీ, బంగారంలాటి చీర."

"ఉండమ్మా, ఇంకో కొట్లో సూసొస్తాను," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నాన్న నా వైపు తిరిగాడు. "సూసావురా? మొదటి మాటకి ఒప్పుకుంటే సరుకు మీద నమ్మకం పోతాది."

"నాకు నా మీద నమ్మకం పోనాది మావయ్యా," అంది మా ఆవిడ. ఆమె ఆయనకి ఎదురు మాట్లాడటం నేను వినడం అదే మొదలు. నాన్న మూత నెమ్మదిగా వదిలేశాడు.

ఆ రోజు నుంచి నా మొహానికి వైద్యం మొదలైంది. ముందు నవ్వమంది. నేను నవ్వితే, తప్పు చెప్పిందని ఎగతాళి చేస్తున్నట్టు ఉందట. రాయిలా ఉండమంది. రాయిలా ఉంటే ఆమెకి ఇంకా భయం వేసిందట. మొహంలో ముడతలన్నీ తిప్పేది ఒకే నరమనీ, నా ఒంట్లో గట్టిగా పనిచేసేది అదొక్కటేననీ తేల్చింది. చివరికి నన్ను బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టింది. చుడీదార్లూ నైటీలూ కొనేవాళ్ళు వేసుకుని చూసుకోవడానికి కొట్టు మూల అడ్డుగోడ కట్టి తెర వేలాడదీశాం. అందులో స్టూలు మీద నేను, ఒళ్ళో పుస్తకం. తెర బయట ఆమె. లోపలి నుంచి నేను అరిచేవాణ్ణి: "కింది పెదవికి స్పర్శ ఇచ్చే నరం ఎముకలో ఏ రంధ్రం గుండా బయటికొస్తుంది?" చీరలు చూస్తున్నవాళ్ళు బెదిరి తెర వైపు తిరిగేవారు. ఒకామె నైటీ పట్టుకుని సరాసరి తెర లాగి, నన్ను చూసి కేక పెట్టింది. నాన్న పరిగెత్తుకొచ్చి, "మావోడేనమ్మా, పరీక్షకి సదువుకుంటన్నాడు," అన్నాడు. నా వయసు చూసి ఆవిడకి జాలేసినట్టుంది.

తెర కూడా పూర్తిగా పనిచెయ్యలేదు. జవాబు విన్నాక నా నోట్లోంచి ఒక చిన్న "ఊఁ..." వచ్చేది, చివర కొంచెం సాగి. ఆ సాగతీతలో మా వ్యాపారం అంతా ఉంది.

"ఆ ఊఁ కూడా వద్దు బావా. నేను జవాబు సెప్పగానే 'తీసుకున్నాను' అను. అనేసి తర్వాత ప్రశ్నకి ఎల్లిపో. రైటో తప్పో ఆఖర్న సెప్పు."

వినడానికి సులువుగా ఉంది కదా. కొనేటప్పుడైనా అమ్మేటప్పుడైనా ఎదుటివాడి మొదటి మాటకి తీసుకున్నాను అనడం మా వంశంలో ఎవరూ చెయ్యలేదు. మొదటిసారి ఆ మాట అంటూ ఆ గదిలో లేని ఫ్యాను కోసం పైకి చూశాను. పాతికేళ్ళ అలవాటు అడ్డంపడి, తప్పని నాకూ తెలిసిన జవాబుకైతే మరీ ప్రాణం విలవిల్లాడేది. అయినా, "తీసుకున్నాను" అనేవాణ్ణి. ఆమె చెప్పేది. తీసుకున్నాను. ఆమె చెప్పేది. తీసుకున్నాను. కొన్నాళ్ళకి తెరకి అవతల ఆమె గొంతు మారడం వినపడింది. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఆ చిన్న తటపటాయింపు పోయింది. మళ్ళీ మందుల కొట్టు పిల్ల గొంతు వచ్చింది: చీటీ చూడటం, మాత్ర తియ్యడం, ఇవ్వడం. తప్పులూ ఉండేవి. కాని అవి నిజంగా తెలియని తప్పులు. సాయంత్రం కూర్చుని చదువుకుంటే పోయేవి. ఎదుటి మనిషి మాటని ఉన్నదున్నట్టు పుచ్చుకోవడం కూడా ఒక పనేననీ, నాకు అది చేతకాదనీ ఆ ఇరుకు గదిలో నైటీల మధ్య నాకు తెలిసింది. బయట చెప్పుకోవలసిన విషయం కాదు గాని, ఇప్పుడు చెప్పేశాను.

పరీక్ష విశాఖపట్నంలో. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం. ఆమెని లోపలికి పంపి బయట కూర్చున్నాను. నాలాంటి మొగుళ్ళూ తండ్రులూ చాలామందే ఉన్నారు. ఒకాయన జపం చేస్తున్నాడు. ఒకాయన కూతురు నిరుడు ఏ ప్రశ్న తప్పిందో పక్కవాళ్ళకి వివరిస్తున్నాడు. కొబ్బరిబొండాలవాడు ఒక రేటు చెబితే మారు మాట్లాడకుండా తీసుకున్నాను. వాడే చిన్నబోయి, గడ్డం గోక్కుని, "ఒంట్లో బాలేదేటి బావూ?" అని అడిగాడు.

ఆమె బయటికొచ్చింది. మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. అంతమంది మొహాలు చదివిన నేనే.

"ఎలా ఉన్నాది?"

"ఆకలేస్తన్నాది."

"పేపరు సంగతి అడుగుతన్నానే."

"తెలిసినవి పెట్టాను. ఒకదాని దగ్గర సెయ్యి వెనక్కి ఎల్లింది. నువ్వు పైకి సూస్తన్నట్టు అనిపించింది. కళ్ళు మూసుకుని తర్వాత ప్రశ్నకి ఎల్లిపోయాను. ముందు భోజనం పెట్టించు."

ర్యాంకు వచ్చిన రోజు నాన్న ఆమె ఫోను వైపు దూరం నుంచి చూసి, "ఆ నెంబరు పెద్దదైతే మంచిదా, చిన్నదైతే మంచిదా?" అని అడిగాడు.

"చిన్నదైతే మావయ్యా."

"మరి మనది?"

"చిన్నదే. మరీ అంత చిన్నది కాదు."

అంటే సర్జరీ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. సీట్లు పంచే మొదటి విడతలోనే సీటు వచ్చింది. సర్జరీయే. కాలేజీ మాత్రం రాష్ట్రానికి ఆ చివర, మా ఊరి నుంచి వెళ్ళాలంటే రైలు మారి, మళ్ళీ బస్సెక్కాలి. ఆగితే రెండో విడతలో దగ్గర్లో రావచ్చు, ఇంకెవరైనా వదులుకుంటే. ఇంటిల్లిపాదీ సమావేశమయ్యాం. మా అమ్మ, "అంత దూరంలో కూడు ఎలా ఉంటాదో, నీళ్ళు ఎలా ఉంటాయో," అంది. నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మొదట్లోనే ఇంత దూరం ఇచ్చారంటే, ఆగితే దగ్గరికి దిగుతారు. తొందరపడకూడదు." అందరూ నా వైపు చూశారు. నాకు చెప్పాలనే ఉంది. ఆగుదామనే చెప్పాలని ఉంది. అంత దూరం వెళ్తే నెలకోసారి కూడా రావడం కుదరదు. నేను గొంతు సవరించుకునేలోగా ఆమె అంది:

"పొద్దున్నే ఫోన్లో నొక్కేసాను మావయ్యా. ఇదే ఉంచుకుంటానని."

నాన్న కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత లేచి, రైలు టిక్కెట్లు ఎలా తియ్యాలో నన్ను అడిగాడు.

హాస్టల్లో దింపి వచ్చాను. పరుపూ, బక్కెట్టూ, పుస్తకాలూ, మా అమ్మ కట్టిన పచ్చడి సీసాలూ కలిసి గదిని నింపేశాయి. వచ్చేటప్పుడు నేను ఏదో అన్నాను, ఆమె ఏదో అంది, రైలు టైమైపోతోందని ఇద్దరం ఒకరి మాట ఒకరం సరిగ్గా వినలేదు. తర్వాత ఫోన్లే. మొదట్లో ఆమె చేసేది పని కాదు, చాకిరీ. కట్లు మార్చడం, చీటీలు రాయడం, పెద్దవాళ్ళు ఆపరేషన్ చేస్తుంటే గోడకి ఆనుకుని నిలబడటం. "ఇంకా ఏటీ ముట్టుకోనివ్వలేదు," అనేది. నేను ఓదార్చబోతే వద్దనేది.

ఒకరోజు సాయంత్రం, కొట్లో దీపం పెట్టే వేళ, ఫోన్ చేసింది.

"బావా, ఈరోజు సూసాను."

"ఏటి సూసావు?"

లారీ గుద్దేసి దవడ విరిగినాయన వచ్చాడట. కింది పెదవి లోపల కోసి ఎముక దగ్గరికి వెళ్ళారట. కోసిన కండని పక్కకి లాగి పట్టుకోమని కొక్కెం ఆమె చేతికిచ్చారట. పట్టుకుని చూస్తే ఎముకలో చిన్న రంధ్రం, దాంట్లోంచి బయటికొస్తూ పెదవికి పోయే నరం.

"తెల్లగా ఉన్నాది బావా. తడిగా, మెరుస్తా. నూలు పోగు కంటే కొంచెం లావు. పుస్తకాల్లో పసుప్పచ్చగా ఏస్తారు, అంతా అబద్ధం. నేను కొంచెం గట్టిగా లాగితే తెగిపోతాది. తెగితే ఆయనకి ఆ పెదవి ఉన్నాదో లేదో కూడా తెల్దు, జన్మంతా. సెయ్యి వణికితే ఎలాగని ఊపిరి బిగబట్టి నిల్చున్నాను."

"తెగలేదు కదా?"

"తెగలేదనే అనుకుంటన్నాను. రేపు మత్తు పూర్తిగా దిగాక టీ తాగిస్తారు. వేడి టీ పెదవికి తగిలి కాలిందంటే నరం బాగున్నట్టు. కాలకపోతే..." ఆగిపోయింది.

"కాలుతుందిలే," అన్నాను.

మర్నాడు కొట్టు తెరిచి, దుప్పటి దులుపుతుంటే మెసేజీ వచ్చింది. పొద్దున్నే వార్డుకి వెళ్ళి, ఆయన మంచం పక్కనే నిలబడి చూసిందట. గ్లాసు పెదవికి ఆనించగానే ఆయన ఆ కట్టిన మూతితోనే నర్సుని ఇంత పొడుగున తిట్టాడట. కింద ఆమె రాసింది:

"కాలింది బావా. బాగా కాలింది."